మావగారి వాచీకి నీలపుటద్దం

మా మావగారు రైలు గార్డుగా పనిచేసిన రోజుల్లో పెట్టుకున్న వాచీని పోయిన నెల స్వయంగా నా చేతికి కట్టారు.

"ముప్ఫై ఎనిమిదేళ్లు రైళ్లు దీన్ని చూసే కదిలాయి. జాగ్రత్త అల్లుడుగారూ!" అన్నారు.

మూడో రోజే స్కూటరు బయటికి తీస్తూ ఆ చెయ్యి గోడకి రాసేశాను. అద్దమంతా గీతలు. చేతికి వాచీ ఉండి కూడా టైమెంతని దారినపోయేవాళ్లని అడిగే దశకి వచ్చాను.

అంతలో మావగారు ఆదివారం వస్తున్నట్టు కబురు. నా బుర్రలో మెరుపు మెరిసింది. గీత అన్నదే పడని అద్దం వేయించి, ఆయన చేత శభాష్ అనిపించుకోవాలి! మా ఆవిడకి మాత్రం చెప్పకూడదు. నేను బాగుచేసినప్పటి నుంచీ మా ఫ్యాను గాలిని పైకి విసురుతోంది. అందుకని ఆవిడకి నా మీద నమ్మకం తక్కువ.

మా వీధి వాచీల మెకానిక్కుని అందరూ భూతద్దంగారంటారు. కంట్లో ఆ అద్దంతోనే పుట్టారని ప్రతీతి. ఆయన బల్ల మీద మూడు అద్దాలు పరిచారు.

"ఇది ప్లాస్టిక్. గీత పడుతుంది గానీ పగలదు. ఇది మినరల్ గాజు. గీతలు తక్కువే, కిందపడిందా, ముక్కలే. ఇది సఫైర్, అంటే నీలం. రంగుండదు, మిషన్లో తయారుచేస్తారు. దీన్ని గీకాలంటే వజ్రం కావాలి."

నా ఒళ్లు పులకరించింది. "నీలమే వేసేయండి!"

"పాత వాచీకి ప్లాస్టికే అందమండీ, బోర్లించిన గిన్నెలా ఉబ్బుగా ఉంటుంది. నీలం పట్టాలంటే వాచీ అంచు అరగదీయాలి."

"అరగదీయండి!"

"వాచీ మీదేనా?"

"మా మావగారిది."

"అదీ, అందుకే ఇంత ధైర్యం!" అన్నారాయన.

డబ్బు ముందే కట్టేసి, ఈల వేసుకుంటూ ఇల్లు చేరాను.

"ఏంటండీ హుషారు? ఏం చేశారు?" అంది మా ఆవిడ.

"ఏం లేదు."

"ఫ్యానప్పుడూ ఇదే మాటన్నారు. చేతికి వాచీ ఏది?"

"నూనె వేయడానికి భూతద్దంగారికిచ్చా" అనేసి నాలుక్కరుచుకున్నాను.

"ఊఁ" అంది. మా ఆవిడ తిట్టినా ఫరవాలేదు గానీ, "ఊఁ" అంటేనే ప్రమాదం. ఉత్సాహంలో ఆ సంగతి మరిచాను.

శనివారానికి వాచీ తళతళలాడుతూ వచ్చింది. ఇంకా ఉబ్బుగానే ఉందేమని అడిగితే భూతద్దంగారికి దగ్గొచ్చింది.

ఆదివారం మావగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారో లేదో, వాచీ విప్పి ముందు పెట్టాను.

"మావయ్యగారూ, మీ వాచీకి నీలం వేయించాను! వజ్రంతో తప్ప గీత పడితే ఒట్టు! ఇటు చూడండి!" అంటూ జేబులోంచి తాళంచెవి తీశాను.

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ అరిచింది. "ఏమండీ, వద్దు!"

"నువ్వుండవోయ్!"

గర్ర్ర్...

పన్నెండు నుంచి ఆరు దాకా గీత పడింది. నమ్మలేక పక్కనే ఇంకోటి గీశాను. అదీ పడింది.

మావగారు కళ్లజోడు సవరించుకున్నారు. "పట్టాలు జత కుదిరాయి. తాళంచెవి వజ్రంతో చేయించారా, అల్లుడుగారూ?"

"ఆ భూతద్దం మోసం చేశాడు!" అంటూ చెప్పుల కోసం పరుగెత్తాను.

"ఆగండి! ఆయన తప్పేం లేదు. మీరు వాచీ ఇచ్చిన మర్నాడే నేను వెళ్లి అడిగితే అంతా చెప్పారు. మా నాన్న వాచీని అరగదీస్తుంటే ఊరుకుంటానా? ప్లాస్టికే వేయమన్నాను, మీకు చెప్పొద్దనీ నేనే అన్నాను" అంది మా ఆవిడ. అని, పళ్లు తోముకునే పేస్టు, మెత్తటి గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీరే గీశారు, మీరే రుద్దండి."

"నేనూ అంతేగా!" అన్నారు మావగారు. "సెలవొస్తే నా పళ్లు తోముకుని, దాన్నీ తోమేవాణ్ణి."

రుద్దగా రుద్దగా సన్న గీత పోయింది, పెద్దది పలచబడింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"మరి నీలానికి కట్టిన డబ్బు?"

మా ఆవిడ జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. చెవికి కొత్త దుద్దులో చిన్న నీలిరాయి తళుక్కుమంది.

"మీరడిగింది నీలమేగా, అదే తీసుకున్నా. అసలుదో కాదో తాళంచెవితో గీసి చూస్తారా?"

మావగారి నవ్వుకి కుర్చీ కిర్రుమంది. నేను తల వంచుకుని, గుడ్డ మీద ఇంకాస్త పేస్టు వేసుకున్నాను.