భద్రయ్య పెట్టిన రాయి

పెద్ద అడవి అంటే చెట్లు ఎక్కువున్న అడవి అనుకునేరు. కాదు. ఆఫీసులు ఎక్కువున్నదే పెద్ద అడవి. అలాంటి ఒక పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున పచ్చగడ్డి మోకాలెత్తు పెరిగే చోట, భద్రయ్య అనే ముసలి జట్కా గుర్రం తన భార్య గవరమ్మతో కాపురం ఉండేవాడు.

ఇద్దరూ ఆ అడవి వాళ్ళు కారు. ఏటి అవతల మెట్ట అడవిలో పుట్టారు. పక్క టౌనులో ఇరవై ఏళ్ళు స్టేషను నుంచి బజారుకి, బజారు నుంచి స్టేషనుకి మనుషుల్ని లాగి లాగి రిటైరయ్యారు. ఆ రోడ్డు దుమ్మంతా పోయి గవరమ్మ ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఎండు గాలి తగిలితే చాలు, దగ్గు. వైద్యం చేసే ముసలి కొంగ ఆమెను చూసి ఒకటే చెప్పింది.

"తడిగాలి, పచ్చగడ్డి. ఇవి దొరికితే ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. మెట్టలోనే ఉంటే వచ్చే వేసవి దాటదు."

అందుకని ఏరు దాటారు. దాటడం ఎంతసేపు, నడుం లోతు నీళ్ళు. దాటిన తర్వాత అక్కడ ఉండటమే చచ్చే చావు.

ఎందుకంటే ఆ అడవిలో పరాయి జంతువుల ఆఫీసు అని ఒకటుంది. అడవి నిండా నీడనిచ్చే చెట్లుండగా ఏరికోరి తుమ్మచెట్టు కింద పెట్టారు. బయటి నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలి జంతువులన్నీ మూడు నెలలకోసారి ఆ తుమ్మచెట్టు ముందు వరసలో నిలబడాలి. గుమస్తా "ఉన్నావా?" అని అడుగుతాడు. "ఉన్నానండీ" అనాలి. అప్పుడు టేకాకు మీద ముద్ర వేసిస్తాడు. ముద్ర ఉంటే ఇంకో మూడు నెలలు గడ్డి తినొచ్చు. లేకపోతే పౌర్ణమి లోపల మూటాముల్లె సర్దుకుని ఏరు దాటిపోవాలి.

ఉన్నావా అని అడగడానికి, ఉన్నాను అనడానికి ఎంతసేపు పడుతుంది? మీకూ నాకూ అయితే రెప్పపాటు. ఆ ఆఫీసులో మూడు రోజులు.

అక్కడ గుమస్తా గుడ్లగూబ. ఆఫీసు పనివేళలు పగలు. పగలు కళ్ళు కనిపించని పక్షిని తీసుకొచ్చి పగటి ఉద్యోగంలో ఎవరు కూర్చోబెట్టారని మాత్రం అడక్కండి. ఆయన మేనమామ సింహంగారి కొలువులో ఉన్నాడు. గుమస్తాగారు కళ్ళు మూసుకునే ఆకులు అందుకుని, కళ్ళు మూసుకునే తప్పులు పట్టి, కళ్ళు మూసుకునే వెనక్కి విసిరేవాడు.

ఆకులంటే ఒకటా రెండా. దరఖాస్తు ఆకు, దాని నకలు, నకలు నిజమైన నకలే అని ఇంకో ఆకు. వీటన్నిటికీ తోడు "నేను పని మానేశాను, ఈ జన్మలో మళ్ళీ పని ముట్టుకోను" అని పాత యజమాని చేత రాయించుకొచ్చిన ఆకు. బయటివాళ్ళు వచ్చి పని చేస్తే అక్కడి గాడిదల పొట్ట కొట్టినట్టవుతుందట. ఆ గాడిదలు పని చేయగా చూసినవాడు లేడు, అది వేరే సంగతి.

పోయినసారి వరసలో నిలబడి నిలబడి గవరమ్మ రెండో రోజు ఎండకి కూలబడిపోయింది. సరిగ్గా అప్పుడే ఆమె పేరు పిలిచారు. వరస చూసుకునే బంట్రోతు కొండముచ్చు ఒకసారి ఆమెను చూసి, "పడుకుంది. పిలిస్తే రాలేదు" అని రాయించాడు. మూడు నెలల ముద్ర ఒక్క నెలకి దిగింది. ఆ నెల ఇప్పుడు అయిపోవచ్చింది. పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుంది.

"ఈసారి నువ్వు ఎండలో నిలబడ్డానికి వీల్లేదు గవరా," అన్నాడు భద్రయ్య. "ఎలాగోలా నేనే చూస్తాను."

"మీరు చూసేదేముందండీ. మనిషి మనిషీ కనిపించాలంటారుగా," అంది గవరమ్మ. ఇరవై ఏళ్ళు మనుషుల మధ్య బతికింది కదా, తమ గురించి చెప్పుకునేటప్పుడు కూడా ఆమెకు ఆ మాటే వచ్చేది.

మర్నాడు తెల్లారేసరికే ఇద్దరూ వెళ్ళారు. అప్పటికే వరస ఏటి మలుపు దాకా ఉంది. వాళ్ళ ముందు నిలబడ్డవాడు మస్తానయ్య అనే ఒంటె, ఊరూరా తిరిగే సర్కసులో చేసి మానేసినవాడు.

"నిన్న నన్ను వెనక్కి పంపేశారు బావా," అన్నాడు మస్తానయ్య. "కాళ్ళు నాలుగూ గీతలోనే ఉన్నాయంట. మూపురం గీత దాటిందంట."

"మరి ఏం చెయ్యమన్నారు?"

"మూపురం సర్దుకుని రమ్మన్నారు."

పొద్దెక్కింది. గుమస్తాగారు రాలేదు. వచ్చారు, ముద్ర దొరకలేదు. ముద్ర దొరికింది, భోజనాల వేళయింది. గవరమ్మకి దగ్గు మొదలైంది. నీళ్ళు తాగించడానికి భద్రయ్య ఆమెను పక్కకి తీసుకెళ్ళబోతే కొండముచ్చు కర్ర అడ్డం పెట్టాడు.

"వరస వదిలితే మళ్ళీ చివరికే."

"నీళ్ళకయ్యా. ఇప్పుడే వచ్చేస్తాం."

"నీళ్ళకి పోయినవాళ్ళకి వేరే రూలు లేదు తాతా."

భద్రయ్యకి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళు కొరడా కింద బతికాడు గానీ, నీళ్ళు తాగొద్దన్నవాణ్ణి మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ మంటలోనే జట్కా స్టాండు పక్కనున్న కిరసనాయిలు కొట్టు గుర్తొచ్చింది. అక్కడ మనుషులు ఎండలో నిలబడేవాళ్ళా? ఎవడి వంతులో వాడు ఒక రాయి పెట్టేసి, టీ కొట్టుకి పోయి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. కొట్టు తెరిచాక వచ్చి ఎవడి రాయి దగ్గర వాడు నిలబడేవాడు. ఒకడి రాయిని ఇంకొకడు ముట్టుకునేవాడు కాదు. మనుషులు చేసిన పనుల్లో భద్రయ్యకి నచ్చినవి రెండో మూడో, వాటిలో ఇదొకటి.

ఏటి గట్టు మీంచి ఒక నల్లరాయిని మూతితో దొర్లించుకొచ్చాడు. చిన్నదేం కాదు, ఎరువు బస్తా అంత ఉంది.

"ఇంతదెందుకండీ, చిన్నది చాలదూ?" అంది గవరమ్మ.

"చిన్నదైతే తన్నేస్తారే పిచ్చిదానా. మనం ఉన్నట్టు తెలియొద్దూ?"

గవరమ్మ మాత్రం తన వంతుకి కోడిగుడ్డంత తెల్ల గులకరాయి తెచ్చి పెట్టుకుంది. ఇద్దరూ తమ ఆకులు గాలికి ఎగిరిపోకుండా ఎవరి రాయి కింద వాళ్ళు పెట్టారు. అది చూసి మస్తానయ్య ఒక రాయి తెచ్చాడు. అతని ముందున్న ఎలుగుబంటి తెచ్చింది. కాసేపటికి వరసలో తోకలూ చెవులూ పోయి, రాళ్ళు మిగిలాయి. ముసలి జంతువులన్నీ మద్దిచెట్ల నీడకి చేరి, కాళ్ళు చాపుకుని, ఆఫీసుని తిట్టుకుంటూ హాయిగా కూర్చున్నాయి.

కొండముచ్చు మొదట కర్ర ఎత్తాడు. తర్వాత ఆలోచించాడు. రాళ్ళు తోసుకోవు. ఎప్పుడు పిలుస్తారని అడగవు. దగ్గవు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత మర్యాదైన వరస అతను చూడలేదు. కర్ర దించేసి, వంతు వచ్చినప్పుడల్లా ముందున్న రాయిని కాలితో కిటికీ దగ్గరికి దొర్లించడం మొదలుపెట్టాడు.

లోపల గుమస్తాగారు కళ్ళు మూసుకునే ఉన్నారు.

"పేరు?"

"భద్రయ్య," అన్నాడు కొండముచ్చు, రాయి కిందనున్న ఆకు చూసి.

గుమస్తాగారు రెక్కతో తడిమి, పోలికలు రాసుకున్నాడు. నలుపు. నున్నన. కాళ్ళు లేవు. చెవులు లేవు. పెద్ద శరీరం.

"ఉన్నావా?"

రాయి ఏమీ అనలేదు.

"లేనని అనలేదు కాబట్టి ఉన్నట్టే," అని ముద్ర వేశాడు గుమస్తా. అంతేకాదు, ఆ ఆఫీసు రూళ్ళలో ఒక మూల, కిటికీ దగ్గర ఎదురు మాట్లాడని అర్జీదారుకి పదేళ్ళ అనుమతి ఇవ్వొచ్చని ఉంది. ఆఫీసు పుట్టాక ఎవరికీ దక్కలేదు. ఆ పూట నలభై మూడు రాళ్ళకి దక్కింది.

సాయంత్రం భద్రయ్య వచ్చి చూసేసరికి తన రాయి మీద ముద్ర పడ్డ ఆకు ఉంది. పదేళ్ళు అని చదివి, ఆ ముసలాడు కుర్రగుర్రంలా సకిలించాడు. "గవరా, ఇక నీకు ఈ తుమ్మచెట్టు మొహం చూసే పని లేదే," అన్నాడు. ఆమెకి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఆకు నోట పట్టుకుని వెళ్ళబోతుంటే కొండముచ్చు అడ్డం వచ్చాడు.

"తాతా, ఆ ఆకు పెట్టెయ్. అది భద్రయ్యగారిది."

"నేనే కదయ్యా భద్రయ్యని."

"పోలికలు చదువుకో. కాళ్ళు లేవని ఉంది. నీకు నాలుగున్నాయి."

గొడవ పెద్దదై పెద్ద అధికారి ఉడుముగారి దాకా పోయింది. ఉడుముగారు మంచివాడే. ఒకసారి ఒక మాట పట్టుకుంటే వదలడు, అంతే.

"దొరగారూ, అది రాయండీ," అన్నాడు భద్రయ్య. "వరసలో నా వంతు కోసం నేనే పెట్టాను."

"రాయి అని నువ్వంటున్నావు. భద్రయ్య అని ముద్ర అంటోంది. ముద్ర తప్పు చెబుతుందంటావా?"

"గుమస్తాగారికి కళ్ళు కనపడవు కదండీ."

"ఆఫీసు సిబ్బంది శరీర లోపాల గురించి మాట్లాడితే వేరే కేసవుతుంది, చూసుకో." ఉడుముగారు నాలుక ఆడించాడు. "అసలు నీ బాధేమిటి? నిన్ను ఉన్నావా అని అడిగితే ప్రతిసారీ నీళ్ళంటావు, నీడంటావు, పెళ్ళానికి దగ్గంటావు. ఆయన్ని అడిగితే ఒక్క మాట అనలేదు. ఇద్దరిలో ఎవరు ఇక్కడ ఉండదగ్గవాళ్ళో నువ్వే చెప్పు."

భద్రయ్య తన నాలుగు కాళ్ళ వైపు ఒకసారి చూసుకున్నాడు.

"ఇంకోటి. ఇవాళ వంతు వచ్చినప్పుడు నువ్వు వరసలో లేవు. నీకు అనుమతి లేదు. పౌర్ణమికి ఏరు దాటు. ఏటి ఒడ్డు గడ్డిచోటు భద్రయ్యగారి పేర, గవరమ్మగారి పేర రాసేశాం."

రెండో రోజు కొండముచ్చులు నలుగురు ఆ నల్లరాయిని మోసుకొచ్చి, గవరమ్మ పడుకునే చోట, లేత గడ్డి మీద పెట్టి వెళ్ళారు. పక్కనే గులకరాయిని పెట్టారు. ఆఫీసు ముందు గొడవల్లేకుండా ఒక్క పూటలో నలభై మూడు అర్జీలు తేల్చినందుకు సింహంగారు ఉడుముగారికి శాలువా కప్పించారు. మస్తానయ్య ఎవరితోనూ చెప్పకుండా ఏరు దాటి వెళ్ళిపోయాడు.

భద్రయ్య ఏటి గట్టున నిలబడి అవతలి వైపు చూశాడు. మెట్టలో అప్పుడే గాలి లేచి దుమ్ము రేపుతోంది. ఇవతల ఉన్నా ఆ గాలికి గవరమ్మ దగ్గి దగ్గి ముందుకాళ్ళ మీద వంగిపోయింది. ఆమెను అటు తీసుకెళ్ళడమంటే చంపుకోవడమే. అతను సిగ్గు విడిచి మళ్ళీ తుమ్మచెట్టు దగ్గరికి వెళ్ళి, కొండముచ్చు కాళ్ళ మీద పడ్డాడు.

"ఒక దారుంది తాతా," అన్నాడు కొండముచ్చు. "పదేళ్ళ అనుమతున్న పెద్దవాళ్ళు పనివాళ్ళని పెట్టుకోవచ్చు. భద్రయ్యగారికి కదల్లేని శరీరం. తుడవాలి, కడగాలి, ఎండకి నీడ పట్టాలి. ఆ పనికి నువ్వు అర్జీ పెట్టుకో. అమ్మగారి గులకరాయికి మీ ఆవిడ."

"నేను పని ముట్టుకోనని ఆకు ఇచ్చాను కదయ్యా."

"అది చింపేసి, పనికి సిద్ధం అని ఇంకోటి రాయించు."

పని అనేసరికి ఆకులూ నకళ్ళూ ఎవరూ అడగలేదు. ఒక్క రోజులో అనుమతి వచ్చింది. రిటైరై విశ్రాంతి కోసం వచ్చిన గుర్రానికి ఆ అడవిలో అంత తొందరగా జరిగిన పని అదొక్కటే. గవరమ్మ గడ్డిలోనే ఉండిపోయింది. వానలు పడ్డాయి, దగ్గు తగ్గింది. పొద్దున్నే భద్రయ్య తోకతో రాయి తుడిచేవాడు. ఒకసారి తనిఖీకొచ్చిన ఉడుముగారు రాయి మీద కాకి రెట్ట చూసి, పెద్దవాళ్ళంటే గౌరవం లేదా అని కసిరి వెళ్ళాడు.

మూడు నెలలు గడిచాయి. కొండముచ్చు వచ్చి పిలిచాడు.

"భద్రయ్యగారిని తీసుకురా. హాజరు వేయించాలి."

"పదేళ్ళు ఇచ్చారు కదయ్యా?"

"అనుమతి పదేళ్ళు. హాజరు మూడు నెలలకోసారి."

ఎరువు బస్తా అంత రాయిని తీగలతో వీపుకి కట్టుకుని, భద్రయ్య మళ్ళీ తుమ్మచెట్టు కింద వరసలో నిలబడ్డాడు. జట్కాలో ముగ్గురు మనుషుల్ని లాగినప్పుడు కూడా అతని నడుం అంత వంగలేదు. పక్కన గవరమ్మ తన గులకరాయిని బుగ్గన పెట్టుకుని నిలబడింది. మూడో రోజు మధ్యాహ్నానికి వంతు వచ్చింది.

"భద్రయ్యా, ఉన్నావా?" అన్నాడు గుమస్తా కళ్ళు మూసుకునే.

"ఉన్నానండీ," అన్నాడు భద్రయ్య అలవాటు కొద్దీ.

కొండముచ్చు కర్రతో అతని మోకాలి మీద ఒకటి తగిలించాడు. "నిన్ను కాదు. భద్రయ్యగారిని."

భద్రయ్య తల దించుకున్నాడు. అతని వీపు మీది రాయి ఏమీ అనలేదు. ముద్ర పడింది.

గవరమ్మ బుగ్గలోంచి గులకరాయిని తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. దానికీ ముద్ర పడింది. మళ్ళీ దాన్ని నోట వేసుకోబోతూ మొగుడి వంగిపోయిన వీపు వైపు చూసి, "ఆ రోజే చెప్పాను, చిన్నది చాలదూ అని," అంది.

ఇందులో నీతి: ఆఫీసు ముందు మీ బదులు రాయిని పెట్టడం తప్పు కాదు, పెద్దది పెట్టడం తప్పు.