తేజ కిలో, చపాట పావు

ఆదివారం పన్నెండు గంటల బస్సుకు చెన్నూరు నుంచి అక్క మల్లక్క దిగేలోపు కోడికూర వండాలి. కొమురెల్లి ఆ పొద్దుకు పెట్టుకున్న పని అంతే. బొగ్గుబాయి నుంచి రిటైరైన మనిషి. భార్య పోయి ఏడాది. మంచిర్యాలలో ఒక్కడే ఉంటున్నాడు, ఒక్కడే ఉండాలనుకుంటున్నాడు. అక్క ఫోన్లో తేల్చి చెప్పింది: "తినేటట్టు వండితివా, సాయంత్రం బస్సుకే మర్లిపోత. లేకుంటే నా పెట్టె నీ ఇంట్లనే ఉంటది తమ్మీ." మల్లక్క ఉన్న ఇంట్లో టీవీకి కూడా మాట దక్కదు.

ఇంట్లో కారం అయిపోయింది. భార్య రెండు రకాల మిరపకాయలు కలిపి పట్టించేది, రంగుకు ఒకటి, మంటకు ఒకటి. ముప్పై ఏళ్లు తిన్నాడు. ఏది దేనికో ఒక్కనాడూ అడగలేదు. కొట్లో రెండు రాశులూ చూశాడు. చపాట బొద్దుగా, టమాటలా ఉంది. తేజ ఎండుపుల్లలా సన్నగా ఉంది. బలిసినదాంట్లోనే మంట ఉంటుందని, బాయిలో చూసిన ఆఫీసర్లను బట్టి తీర్మానించుకున్నాడు.

"తేజ కిలో, చపాట పావు."

"కిలో తేజనా! దావత్ ఉన్నదా కాకా?" అన్నాడు కొట్టు శ్రీహరి.

మాట పెంచడం ఇష్టం లేక "ఉన్నది" అన్నాడు.

కారం పట్టే గిర్ని నడిపే రాజం ముక్కుకు రుమాలు కట్టుకొని కూడా పదకొండుసార్లు తుమ్మాడు. "కాకా, గిది తినెతందుకా, కోతులను ఎల్లగొట్టెతందుకా?"

కొమురెల్లి కారం సంచి పట్టుకొని ఇంటికొచ్చాడు. కిలో కోడికి నాలుగు చెంచాల కారం వేశాడు. రుచి చూసిన నాలుక పది నిమిషాల దాకా తిరిగి రాలేదు. పక్కింట్లో కొత్తగా కిరాయికి దిగిన జమున దగ్గుకుంటూ వచ్చింది.

"తేజ ఎక్కువేస్తివా? మంటంత దాంట్లనే ఉంటది. చపాట వట్టి రంగుకు. తిరగేసినవు కాకా! జర పెరుగు పొయ్యి, టమాటలు వెయ్యి."

వేశాడు. తగ్గలేదు. ఆలుగడ్డలు వేశాడు. పొయ్యి మీది గంజు నిండింది. జమున పెద్ద గంజు ఇచ్చింది. అందులో జాగా కనబడేసరికి ఉల్లిగడ్డలు, కొబ్బరి వేసి నీళ్లు పోశాడు. అదీ నిండింది. మూడో గంజు కులసంఘానిది, ఇద్దరు మోసుకొచ్చారు.

"గింత కూర ఎవలికి కాకా?" అంది జమున.

"ఒకామె వస్తాంది." కొమురెల్లి గడియారం చూశాడు. పదకొండు.

"వచ్చి పోతదా?"

"పెట్టెతోని వస్తాంది."

జమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శ్రీహరి పొద్దుటి నుంచి అందరికీ చెబుతున్న దావత్‌కు కారణం దొరికింది. పదకొండున్నరకల్లా వాడంతా వాకిట్లో ఉంది.

"ఎందుకొచ్చిన్రు?"

"నువ్వు సిగ్గుపడి పిలువకపోతివి. మేమే వస్తిమి."

పన్నెండు దాటగానే మల్లక్క ఆటో దిగింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. పెట్టె కింద పెట్టకముందే జమున హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. "కుడికాలు ముందు పెట్టు చిన్నమ్మా."

మల్లక్క పళ్లెం వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. "ఎవల పెండ్లి?"

"ఇంకెవలది? నీది, కాకది!"

"థూ! వాని ముడ్డి కడిగి పెంచిన అక్కను నేను!"

హారతి ఆరిపోయింది. కానీ చేతిలో పట్టుకొచ్చిన విస్తరి ఎవరూ వదల్లేదు. వచ్చినవాళ్లను తిట్టలేక కొమురెల్లి వడ్డించాడు. మొదటి ముద్ద మల్లక్కదే. ఆమె కళ్లు మూసుకొని నమిలింది. అతను నిలబడలేక గోడ దాకా వెళ్లి వచ్చాడు. ఆమె రెండోసారి వేయించుకుంది, మూడోసారీ వేయించుకుంది.

"తినేటట్టున్నదా?"

"మస్తున్నది తమ్మీ. మా కోడలు గిట్ల ఏనాడూ వండలే."

"అయితే సాయంత్రం బస్సుకు..."

"ఏం బస్సు? నీకు వంటరాదు, ఈడకొస్తే నేనే వండాలె అనే ఇన్నొద్దులు పరేషాన్ అయిన. యాభై ఏండ్లు వండి చేతులు పడిపోయినయ్. ఇగ నువ్వు వండు, నేను తింట."

సాయంత్రం ఆమె పొయ్యి పక్కన పీట వేసుకొని కూర్చొని, ఉప్పు ఎక్కువేస్తున్నావని మొదలుపెట్టింది.