లాంచీకి శంఖం

వెంకటరామారావు ఇంటికి పాల్వంచ నుంచి లాంచీ అని ఎవరో వచ్చిందట. వచ్చి వారం దాటినా మెతుకు ముట్టడం లేదట. పెద్దావిడ పద్మావతమ్మ ఆమెను గడప తొక్కనివ్వక పశువుల కొట్టం పక్కన పడుకోబెడుతోందట. ఇదంతా ముత్తక్క కళ్లారా చూసింది కాదు. పామాయిల్ గెలలు కోసే కూలీల్లో ఒకామె ఇంకొకామెకు చెబుతుంటే బోరింగు దగ్గర విన్నది. విన్నది విన్నట్టు చెప్పడం ముత్తక్కకు చిన్నతనం కనుక "మనిషి చిక్కి సగమైందంట, కండ్లల్ల నీళ్లంట" అని రెండు ముక్కలు తను చేర్చింది. శనివారం పొద్దుగూకేసరికి వేంసూరులో ఆ సంగతి తెలియని ఇల్లు లేదు.

ఆ రెండు ముక్కలు పోను, అందులో అబద్ధమల్లా ఒక్కటే. లాంచీ మనిషి కాదు, కుక్క.

రెండువేల ఆరు ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు భద్రాచలం దిగువన ఒక పెంకుటింటి కప్పు మీద మూడు రోజులు నిలబడి ఉన్న కుక్క అది. లాంచీలో తెచ్చారు గనుక లాంచీ అన్నారు. తెచ్చి కళావతి చేతిలో పెట్టారు. కళావతి పాల్వంచ థర్మల్ స్టేషన్ క్యాంటీన్‌లో వంట మనిషి. ఒంటరిగా ఉండే రెండు గదుల క్వార్టర్లో ఒక గది ఆమెది, ఒకటి కుక్కలది. కాలు విరిగినవీ, వరదలో కొట్టుకొచ్చినవీ, లారీ కింద పడి బతికినవీ అన్నీ అక్కడికే చేరేవి. క్యాంటీన్‌లో మిగిలిన అన్నం పెట్టి, పసుపు పూసి, మనుషులంటే భయం పోయేదాకా పక్కన కూర్చుని, ఆ తర్వాత మంచి ఇల్లు చూసి పంపేది. అప్పటికి నలభై మూడింటిని పంపింది. ప్రతిదాని పేరూ, అది వెళ్లిన ఊరూ ఆమెకు నోటికి వచ్చు.

ఊరికే పంపేది కాదు. పిల్లనిచ్చే తండ్రి కూడా అన్ని ప్రశ్నలు వేయడు. "గొలుసేసి కడ్తరా? మీరు ఊరికి పోతే కూడెవరు పెడ్తరు? ముసల్దయితే ఏం జేస్తరు?" అని, తల్లితో పాల్వంచ వచ్చి లాంచీని ఇమ్మన్న వెంకటరామారావును అడిగింది.

"మా అమ్మను ఎట్లా చూసుకుంటున్నానో అట్లాగే" అన్నాడతను.

ఆ జవాబు కళావతికి నచ్చింది. పక్కనే ఉన్న పద్మావతమ్మకు నచ్చలేదు.

"పదో రోజు ఆదివారం నేనొస్త సార్. మంచిగ తిని కండపట్టి ఉంటే మీదే. లేకుంటే తోలుకపోత" అని కళావతి షరతు పెట్టింది.

వచ్చిన రోజునే లాంచీ అతని చెప్పు మీద తల పెట్టి నిద్రపోయింది. చెప్పు తీసుకోవాలంటే దాన్ని లేపాలి. లేపబుద్ధి కాక వెంకటరామారావు ఆ సాయంత్రం వట్టి కాళ్లతో పొలం వెళ్లివచ్చాడు. ఇరవై ఎకరాల ఆసామి ముల్లు గుచ్చుకున్న కాలితో కుంటుకుంటూ వచ్చి, కుక్క ఇంకా నిద్రపోతోందా అని అడిగాడు. ఆ కుక్కను ఇక ఎవరికీ ఇవ్వలేడని భార్య దుర్గకు అప్పుడే అర్థమైంది.

కానీ లాంచీ తినదు. పాలన్నం పెట్టినా, మాంసం పులుసు కలిపినా, ప్రాణం నిలవడానికి నాలుగు ముద్దలు నాకి పక్కకు తిరిగేది. గురువారం మధ్యాహ్నం కళావతి ఫోన్ చేసింది. "ఆ, బ్రహ్మాండంగా తింటోందండీ" అని వెంకటరామారావు అబద్ధం చెబుతుండగా ఫోన్‌లో అవతల నుంచి ఒక సైరన్ మోగింది. రెండు గంటల షిఫ్టు సైరన్. కాళ్ల దగ్గర పడుకున్న లాంచీ చటుక్కున లేచి, మెడ పైకెత్తి "ఊఁ..." అని రాగం అందుకుని, తిన్నగా గిన్నె దగ్గరికి పరుగెత్తి అడుగుదాకా నాకేసింది.

అప్పుడు తెలిసింది. కళావతి పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగగానే కుక్కలకు పెట్టి డ్యూటీకి పరుగెత్తేది. సైరన్ కూస్తేనే కూడు అని లాంచీ నేర్చుకుంది. వేంసూరులో సైరన్ ఎక్కడిది?

వెంకటరామారావు ముందు నోటితో ప్రయత్నించాడు. "ఏమండీ, గేదెలు బెదురుతున్నాయి" అంది దుర్గ. ఇత్తడి బిందెలో తలపెట్టి కూశాడు. "కుక్కకు లేదు గానీ నీకు పట్టినట్టుందిరా పిచ్చి" అంది పద్మావతమ్మ. చివరికి శనివారం అతనికి బొజ్జయ్య శంఖం గుర్తొచ్చింది. ఊళ్లో ఎవరు పోయినా పాడె ముందు నడుస్తూ శంఖం ఊదేది బొజ్జయ్యే.

"బొజ్జయ్యా, రేపు నీ శంఖం కావాలి. మా ఇంట్లోకే."

ఎవరికని అడగడం ఆ పనిలో మర్యాద కాదు. బొజ్జయ్య తువ్వాలు భుజం మీంచి తీసి చేత పట్టుకున్నాడు. "ఏ యాళకయ్యా?"

"పొద్దున ఆరింటికి ఒకసారి. మళ్లీ రెండింటికి ఒకసారి."

అంత కచ్చితంగా ముందే తెలియడం, అదీ రెండు విడతలుగా, బొజ్జయ్య తన అనుభవంలో ఎరగడు. అయినా శంఖం తెచ్చి ఇచ్చాడు.

ఆదివారం ఏర్పాటు చాలా సులువైనది. ఆరింటికి ఊది కడుపునిండా పెట్టాలి. రెండింటికి కళావతి కళ్లముందు గిన్నె పెడితే దుర్గ పెరట్లోంచి ఊదాలి. ఆరింటికి వెంకటరామారావు బుగ్గలు ఉబ్బించి ఊదాడు. మొదట గాలి, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఊరంతా వినబడేలా శంఖం మోగింది. లాంచీ రెండు గిన్నెలు తిన్నది.

ముత్తక్క చేతిలోని చీపురు కింద పడింది. ఆ ఇంట్లో పోవలసిన వయసు ఒక్కరికే ఉంది. ఆమె పరుగున టెలిఫోన్ బూత్‌కు వెళ్లి పర్ణశాలలో ఉంటున్న పిచ్చయ్యకు కబురు చెప్పింది. పిచ్చయ్య పద్మావతమ్మకు తమ్ముడు. పదకొండేళ్ల కిందట కూతురి పెళ్లిలో అక్కను పొరపాటున రెండో బంతిలో కూర్చోబెట్టాడు. ఆమె విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. ఆనాటి నుంచి మాటల్లేవు.

ముత్తక్క తిరిగొచ్చేసరికి పద్మావతమ్మ అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతోంది.

"ఏం ముత్తక్కా, పొద్దున్నే పూలదండతో ఎక్కడికి?"

"గుడికి" అని ముత్తక్క తోక ముడిచింది. మరి ఎవరు పోయినట్టు? సరిగ్గా అప్పుడే బొజ్జయ్య ఆ ఇంట్లోంచి శంఖాన్ని తువ్వాల్లో చుట్టుకుని బయటికి వచ్చాడు. చావులేని ఇంట్లో శంఖం ఉండకూడదని తిరిగి తీసుకుపోతున్నాడు. దాన్ని కుక్క కూటికి ఊదారని తెలిసి మొహం ఎర్రబడింది.

"ఎవరికి బొజ్జయ్యా?" అంది ముత్తక్క.

కుక్కకని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "లాంచీకంట" అని విసవిసా నడిచాడు.

"అయ్యో! తిండిలేకనే పాయె పిల్ల!" అని ముత్తక్క గుండె బాదుకుంది. పర్ణశాలకు చెప్పిన కబురు దిద్దాలంటే మళ్లీ బూత్ దాకా నడవాలి. ఎలాగూ ఆ ఇంటి చావే కదా అని ఊరుకుంది.

ఒంటిగంటన్నరకు కళావతి బస్సు దిగింది. చేతి సంచిలో లాంచీకి ఇష్టమని జొన్నరొట్టెలు. "అక్కా, వెంకటరామారావు సార్ ఇల్లెటు? మా లాంచీ ఉన్నది ఆడ" అని ముత్తక్కనే అడిగింది.

ముత్తక్క ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు లాంచీ తాలూకానా చెల్లే? గుండె గట్టిజేసుకో. పొద్దుగాల ఆరింటికే శంఖమూదిండ్రు."

కళావతి జొన్నరొట్టెల సంచిని గుండెకు హత్తుకుని గొల్లుమంది. అంత దుఃఖంలోనూ ఒక మాట మనసులో మెదిలింది: కుక్క పోతే శంఖం ఊదించిన మనిషి! ఎంత మంచి ఇంటికి ఇచ్చాను! ఏడుస్తూ ఆ ఇంటికి పరుగెత్తింది. వెనక ఊరు నడిచింది. వాకిట్లో అడుగుపెట్టగానే లాంచీ ఎదురొచ్చి మూతి నాకింది.

కళావతి కళ్లు తుడుచుకుని వెంకటరామారావు వైపు తిరిగింది. "ఏంది సార్ ఇది?"

అతను తలవంచుకుని సైరన్ నుంచి శంఖం దాకా అంతా చెప్పాడు. వెనక నిలబడ్డ ఊరికి లాంచీ ఎవరో అప్పుడు తెలిసింది. ముత్తక్క పూలదండ కొంగు కింద దాచింది.

కళావతి అరుగు మీద కూలబడింది. "నలభై మూడు కుక్కలు సార్. ఏది పోయినా వారం పది దినాలు కూడు ముట్టలేదని చెప్పేటోళ్లు. నా మీద బెంగ అనుకున్న. సైరన్ మీదనా?"

 లాంచీ వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టింది. జొన్నరొట్టెల సంచి ముక్కుకు తగులుతున్నా దానివంక చూడలేదు. కళావతి దాని చెవులు నిమిరి లేచింది.

"నాకాడ సైరనుంది, ఈడ లేదు. నా చేత్తోటి ఒకసారి పెడ్త. తింటే మీది, లేకుంటే నాతోటి వస్తది."

గిన్నె పెట్టింది. లాంచీ వాసన చూసి మొహం తిప్పుకుంది. వెంకటరామారావు నోరు తెరిచి కూయబోయాడు. పొద్దున శంఖం ఊది ఊది పోయిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కళావతి సంచిలోంచి తాడు తీసి లాంచీ మెడకు కట్టింది. వెంకటరామారావు చెప్పులు విడిచి దాని ముందు పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు.

అప్పుడు వీధి మొగలో జీపు ఆగింది. అందులోంచి ఒక ఏడుపు దిగింది. పదకొండేళ్లు గొంతులో తొక్కిపెట్టిన ఏడుపు అది. సన్నగా మొదలై, పైకి లేచి, ఎక్కడా తెగకుండా వీధి పొడవునా సాగింది. "అక్కోఓఓఓ..."

లాంచీ చెవులు నిక్కాయి. మెడ ఎత్తి "ఊఁ..." అని పిచ్చయ్యతో శ్రుతి కలిపి, తాడుతో సహా కళావతిని ఈడ్చుకుంటూ గిన్నె దగ్గరికి పోయి తినసాగింది. గోడ గడియారం రెండు కొట్టింది.

"ఎవరు సార్ ఆయన?" అంది కళావతి.

"మా మేనమామ."

"ఏ షిఫ్టు?"

పిచ్చయ్య జనాన్ని తోసుకుని వచ్చి, అరుగు మీద ఉన్న అక్కను చూసి ఏడుపు మధ్యలో ఆగిపోయాడు. "ఒక్కసారి మాట్లాడవే అక్కా అని అడుగుదామని వచ్చాను" అన్నాడు వెర్రిగా.

పద్మావతమ్మ పమిటతో కళ్లొత్తుకుంది. తమ్ముణ్ని ఎగాదిగా చూసింది. "కాళ్లు కడుక్కో. మొదటి బంతి కుక్కకు అయిపోతోంది. నీది రెండో బంతి."

పిచ్చయ్య వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు.

కళావతి తాడు విప్పి సంచిలో వేసుకుంది. "నలభై నాలుగు" అని తనలో తాను అనుకుంది. "శంఖం దినదినం జర మెల్లగ ఊదుకుంట పోండ్రి సార్. ఒకనాటికి అలవాటు మానుతది."

జనంలోంచి బొజ్జయ్య ముందుకొచ్చాడు. తువ్వాల్లోంచి శంఖం తీశాడు. "రెండు పూటలు నేనే వచ్చి ఊదుత అయ్యా. ఇన్నేండ్లు నేనూదితే పొయ్యి ఆర్పేటోళ్లే గాని, తినేటోళ్లను చూడలే."

వెంకటరామారావుకు ప్రాణం లేచివచ్చింది. అంతా కుదిరింది, ఒక్కరి మాటే మిగిలింది. "అమ్మా, రోజూ ఇంట్లో శంఖం మోగుతుంది. నీకేమీ అభ్యంతరం లేదుగా?"

"నాకేం రా, ఊదించుకో" అంది పద్మావతమ్మ, లాంచీ గిన్నెలో ఇంకో ముద్ద వేస్తూ. "నేను పోయిననాడు మాత్రం ఊదించకు. కుక్కకు అన్నం పెడుతున్నారనుకుని ఒక్కడూ రాడు."