చివర చెప్పని ఔసేపు

ఆ ఉదయం ఔసేపు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి పుట్టు, శనగల కూర తిని, గ్రంథశాల తలుపులు తీసి, లావుపాటి కొత్త నవలను భార్గవన్ చేతిలో పెట్టి, నోరు మూసుకోవాలి. ఆఖరిది జరిగే పని కాదని భార్య రోసక్కుట్టి అనుమానం. "నోటినిండా తాంబూలం వేసుకుని వెళ్ళు, అప్పుడైనా ఆగుతావేమో" అంది.

ఔసేపు జనరంజని గ్రంథశాలకు కార్యదర్శి. మంచివాడే కానీ చదివిన కథ కడుపులో దాగదు. ఏ నవలలో దొంగ ఎవరైనా, ఆ సంగతి భార్గవన్‌కి చెబితే గానీ నిద్రపట్టదు. భార్గవన్ లెక్కల ట్యూషన్ మాష్టారు, ఔసేపుకు చిన్ననాటి స్నేహితుడు. రహస్యాల నవలలంటే ప్రాణం పెడతాడు. పోయిన ఓనం పండక్కి ఔసేపు ఇలాగే చివర చెప్పేస్తే క్రిస్మస్ దాటేదాకా మాటల్లేవు. ఆ క్రిస్మస్‌కు పంపిన కేకు కూడా తిరిగొచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే తన గుమ్మం తొక్కొద్దని భార్గవన్ అప్పుడే కబురంపాడు.

ఈసారి ఔసేపు చదివి ముగించిన నవల తొమ్మిది వందల పేజీలది. ఒక పెద్దింట్లో ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో, ఎవరి మనసులో ఏముందో ఆఖరిదాకా తేలదు. రాసిన సరోజం టీచర్ పక్క తాలూకా మనిషి. వచ్చే నెల చర్చకు స్వయంగా వస్తానంది. గ్రంథశాలలో ఉన్నది ఒక్కటే ప్రతి.

భార్గవన్ పుస్తకం అందుకుని ఔసేపు ముఖంలోకి చూశాడు. "నువ్వేం చెప్పొద్దు. కానీ ఆ ముఖం చూస్తుంటే తెలిసిపోయేలా ఉంది. అట్ట మీద ఎవరో డాక్టరని రాశారు. మోసం చేసేది వాడేనా?"

ఔసేపు ఇరకాటంలో పడ్డాడు. ఆ నవల మొత్తంలో ఒక్క అబద్ధమూ ఆడనివాడు ఆ డాక్టరే. కాదంటే ఒక ముడి విప్పినట్టే, ఊరుకుంటే ముఖమే చెప్పేస్తుంది. "ఆ, వాడే" అనేశాడు. స్నేహితుడికి తిట్లు తినకుండా చేసిన మొదటి ఉపకారం ఇదేనని మురిసిపోయాడు కూడా.

ఆ గ్రంథశాలలో ఒక ఆనవాయితీ ఉంది. పుస్తకం చదవకపోయినా ఫర్వాలేదు, చర్చలో మాట్లాడకపోతే మాత్రం పరువు తక్కువ. ఉన్న ఒక్క ప్రతీ భార్గవన్ దగ్గరుంది కనుక రేషన్ షాపు తంకప్పన్, పోస్టుమాస్టరు, పాల సొసైటీ అధ్యక్షురాలు ఒకరి తర్వాత ఒకరు కథ చెప్పమని ఔసేపు దగ్గరికి వచ్చారు. నిజం ఒక్కరికి చెప్పినా సాయంత్రానికల్లా టీకొట్టు మీదుగా భార్గవన్ చెవిన పడుతుంది. అందుకని అందరికీ డాక్టరే అని చెప్పాడు. అందరూ ఇళ్ళకు వెళ్ళి ఉపన్యాసాలు తయారు చేసుకున్నారు.

చర్చ రోజున సరోజం టీచర్ ముందు వరసలో కూర్చుంది. తంకప్పన్ లేచి డాక్టరు తేనె పూసిన కత్తి అన్నాడు. అలాంటి నవ్వును ఇంట్లోకి రానివ్వకూడదని పోస్టుమాస్టరు హెచ్చరించాడు. పాల సొసైటీ అధ్యక్షురాలైతే తన చేతికి దొరికితే డాక్టరు పళ్ళు రాలగొడతానంది. చదవనివాళ్ళ కోపం కనుక దానికి అడ్డూ ఆపూ లేదు.

టీచర్ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "ఆ డాక్టరు మా నాన్న. ఆయన్ని తలచుకునే రాశాను. ఇంతమందికి ఆయన అలా కనిపించాడంటే నాకు రాయడం చేతకాలేదు" అంది.

హాలులో అందరూ ఔసేపు వైపు తిరిగారు. లేచి నిజం చెప్పాల్సింది అతనే. ఎవరూ అడక్కుండా చివరలన్నీ చెప్పే ఆ నాలుక, అవసరమైనప్పుడు కదల్లేదు. సిగ్గుతో తల దించుకున్నాడు.

వెనకనుంచి భార్గవన్ లేచాడు. "టీచర్, వీళ్ళెవరూ ఇంకా చివరికి రాలేదు. మీరు అందర్నీ అనుమానించేలా రాశారు, వీళ్ళు అనుమానించారు. నేను ఇవాళ పొద్దున్నే పూర్తిచేశాను. మీ నాన్నగారి లాంటి మనిషి లేడు" అన్నాడు. టీచర్ ముఖం వికసించింది. టీతో పాటు కరకరలాడే అరటికాయ ఉప్పేరి రెండోసారి అడిగి మరీ తింది.

తిరుగుదారిలో ఔసేపు స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు. "నా పరువు నిలబెట్టావురా. నీకు చివర తెలియకూడదనే అలా అన్నాను."

భార్గవన్ మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. "ఎప్పట్లా చెప్పేసి ఉంటే తిట్టేసి ఊరుకునేవాణ్ణి. నువ్వు కథలు పాడుచేస్తావు కానీ, ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా, అందుకే నమ్మాను. పుస్తకమంతా ఆ డాక్టర్ని అసహ్యించుకుంటూ చదివాను. ఆ ఇంటి పిల్లని కాపాడబోయి అతను చచ్చిపోతే, పీడ పోయిందనుకున్నాను ఔసేపూ. తర్వాత ఇరవై పేజీలకి అతనెంత మంచివాడో తెలిసింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివినా ఏడుపు రాలేదు."

ఒక మంచి పుస్తకాన్ని మొదటిసారి చదవడం మనిషికి ఒక్కసారే దక్కుతుంది. దాన్ని ఔసేపు తన చేతులతోనే పాడుచేశాడు. ఇంటికెళ్ళాక రోసక్కుట్టి చేపల కూర వడ్డిస్తే తినబుద్ధి కాలేదు.

మాటలు ఆగిపోలేదు. ఈస్టర్‌కు పంపిన కేకూ తిరిగి రాలేదు. వానలు మొదలయ్యాక గ్రంథశాలకు మరో రహస్యాల నవల వచ్చింది. పార్సిలు విప్పుతుండగానే భార్గవన్ వచ్చి, "ఇందులో ఎవరు?" అని అడిగాడు.

"నేనింకా చదవలేదురా" అన్నాడు ఔసేపు.

అది నిజమే. భార్గవన్ నమ్మలేదు.