ఆల్డర్ వీధి సోపానసమరము

అవిరళవర్షధారాప్లావితమై, శీతవాతకంపితమై ఆంగ్లదేశపు ఉత్తరసీమను విలసిల్లు రాథర్‌బీ పురమున, ఒకానొక సోమవారపు ఉదయాన, ఆల్డర్ వీధి చివరి ఇంటిలోపలి మెట్లపై, మావిస్ ఓగ్డెన్ అను వృద్ధవీరనారి గొడుగును గదవలె ధరించి ఆసీనురాలై యుండెను.

ఆ గృహమును పురపాలక సంఘము తానే కట్టి, తానే అద్దెకిచ్చి, ఒకనాడు ఓగ్డెన్ దంపతులకే అమ్మి, ఇళ్లులేనివారి మొర మిన్నుముట్టగా మరల తానే కొనుక్కొన్నది. భర్త స్టాన్లీ పోయిన పిమ్మట చెల్లెలి చెంతకు తరలుచున్న మావిస్ కోరినది ఒక్కటే: మెట్లపై ఆయన పరచిన ఎర్రని తివాచీ, అద్దెకు రానున్న లియాన్‌కును, ఇప్పుడిప్పుడే మెట్లెక్క నేర్చుచున్న ఆమె కూతురికిని దక్కవలెను.

కాని సంఘనియమము నిర్దయము. అద్దెకిచ్చు ఇంట కర్టెన్లు మొదలు కార్పెట్ల వరకు సమస్తమును ఊడబెరుకవలెను. ఆ శాసనమును శిరసావహించి, దక్షిణహస్తమున గునపమును, వామహస్తమున తేనీటి కప్పును దాల్చి, క్లైవ్ అను పనివాడు ద్వారమున ప్రత్యక్షమయ్యెను.

“లేవండి మావిస్ గారూ. ఇల్లు అమ్మేశారుగా!”

“ఇల్లే అమ్మాను నాయనా. రేపు ఆ పసిది బోడిచెక్క మీద దొర్లితే నీ రూలొచ్చి పట్టుకుంటుందా?”

“నేనేం చేసేదమ్మా? ఇది ఉంచితే నా ఉద్యోగం ఊడుద్ది.”

మావిస్ లేచి, గొడుగుతో దారి చూపెను. “అయితే పీక్కో. పీకగలిగితే!”

క్లైవ్ గునపమును అంచుకింద దూర్చి, దంతములు బిగించి, సముద్రమథనోద్యుక్తుడైన దానవునివలె లాగెను. ఒక చీల ఊడెను. తివాచీ కదలలేదు. మరల లాగెను. గునపము జారెను, వీరుడు వెల్లకిలబడెను, తేనీరు చిమ్మి గోడను అభిషేకించెను.

“ఇన్ని చీలలా! మీ ఆయన దీన్ని పరిచాడా, పాతిపెట్టాడా?”

“ఆయనంతే. కవరుకి నాలుగు స్టాంపులంటించే మనిషి. ‘ఎందుకయ్యా ఇన్ని, తివాచీ పారిపోతుందా?’ అని జన్మంతా దెప్పాను.”

ఆమె గొడుగుపిడిని గట్టిగా పట్టుకొనెను.

అంతలో లియాన్ వచ్చెను. ఆమె చంకనుండి జారిన బిడ్డ, రణరంగమును లెక్కచేయక, అరచేతులతో తివాచీని అదిమి పట్టుకొనుచు పై మెట్టుకు ప్రాకి, కూర్చుండి, చప్పట్లు చరచెను.

“ఉంచెయ్ అన్నా,” అనెను లియాన్. “కొత్తది కొనే స్తోమత నాకెక్కడిది?”

క్లైవ్ చెమట తుడుచుకొని ఆఫీసుకు ఫోను చేసెను. ఆ సంభాషణము సుదీర్ఘము, మధ్యమధ్య సంగీతసహితము. ఎట్టకేలకు తీర్పు వెలువడెను.

“ఊడితే సామానంట. ఊడకపోతే ఇంట్లో భాగమేనంట, గోడలాగా.” అతడు గునపమును దించెను. “గెలిచింది మీ ఆయనేనమ్మా.”

శత్రువు చేజిక్కినది ఒక్క చీల. మావిస్ అతని సుత్తిని అడిగి పుచ్చుకొని, మోకాళ్లపై కూర్చుండి, దానిని యథాస్థానమున దిగగొట్టెను. గట్టిగా దిగినదని తెలిసియు, మరొక దెబ్బ వేసెను.

చతుస్సముద్రముద్రితధరావలయము ఆలకించుగాక! రాథర్‌బీ పురమున, ఆల్డర్ వీధిని, మెట్ల మీది తివాచీ మెట్ల మీదనే ఉన్నది.