సినిమాలో లేని ములుగు బస్సు

శుక్రవారం పొద్దున తొమ్మిది కొట్టకముందే చిలుకమ్మ వంట ముగించింది. అత్త మొగిలమ్మకు ఒళ్ళు తుడిచి చీర మార్చింది. చెయ్యి చాపితే అందేలా మంచం పక్కన నీళ్ల చెంబు, జామపండు, విసనకర్ర పెట్టింది. పదిన్నరకు ఉదయం ఆట. వరంగల్ స్టేషన్ రోడ్డులోని టాకీసులో ఆ వారం ఇరవై ఏళ్ల కిందటి కుటుంబ హాస్య చిత్రం ఒకటి వేస్తున్నారు. వెళ్లేది చిలుకమ్మే అయినా, సినిమా మాత్రం మొగిలమ్మ కోసం.

నాలుగు నెలల కింద మొగిలమ్మ నల్లా దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లేవకూడదని దవాఖానలో చెప్పారు. అంతవరకూ ఇంటి తాళంచెవులన్నీ నడుముకు కట్టుకుని తిరిగిన మనిషి. ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెకూ కోడలికీ మధ్య నడిచిన మాటలు ఉప్పు, పప్పు దాటలేదు. మంచాన పడ్డాక అవీ లేవు. గోడవైపు తిరిగి పడుకునేది, అన్నం ముట్టేది కాదు. ఏం మాట్లాడాలో తెలియక ఒక మధ్యాహ్నం చిలుకమ్మ తను ఎప్పుడో చూసిన సినిమా కథ ఎత్తుకుంది. సగం కథ అయ్యేసరికి అత్త ఇటు తిరిగింది. కథ ముగిసేసరికి జొన్నరొట్టె మొత్తం తినేసింది. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం ఇదే వరస. మిల్లు పనికి పోయే మొగుడు కట్టయ్య కూడా, మా అవ్వ తింటే చాలు, రోజూ పో అన్నాడు.

"మంచిగ చూసి రా. మొన్నటి లెక్క పాటలు ఎగ్గొట్టకు," అంది మొగిలమ్మ.

"పాటలు నేనెట్ల పాడుత అత్తా?"

"పాడకు. ఏ రంగు చీర కట్టుకుని పాడిందో చెప్పు."

సినిమా నలుపు తెలుపుదే. చీరల రంగులు ఎప్పుడూ చిలుకమ్మే వేసేది.

ఆ రోజు మాత్రం టాకీసులో చిలుకమ్మకు చెమటలు పట్టాయి. సినిమాలో ఒక గయ్యాళి అత్త. నెయ్యి కుండకు తాళం వేస్తుంది, కోడలికి అన్నం కొలిచి పెడుతుంది. హాలంతా ఒకటే నవ్వు. ఇంటర్వెల్ అయ్యాక ఆ అత్త సబ్బు నీళ్లలో కాలు జారి దబ్బున పడింది, కాలు విరిగి మంచమెక్కింది. ఈలలు మోగాయి. కోడలు తాళంచెవులు నడుముకు దోపుకుని, మంచం చుట్టూ తిరుగుతూ అత్తను ఆటపట్టించింది. పక్క సీటామె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. చిలుకమ్మకు నవ్వు రాలేదు. ఇంటి దగ్గర ఒక మనిషి దీనికోసం కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూస్తోంది. ఈ కథ ఆమెకు చెప్పడమెలా?

ఇంటికి ఇరవై నిమిషాల నడక. ఆ ఇరవై నిమిషాల్లో చిలుకమ్మ ఒక సినిమా తీసింది.

మధ్యాహ్నం పక్కింటి బడేబీ జాకెట్లకు హుక్కులు కుట్టే పని పట్టుకొచ్చి కూచుంది. ఆమె వెనక గల్లీలోని మరో పదిమంది చేరారు. చిలుకమ్మ కథ మొదలుపెట్టింది. అత్త నెయ్యి కుండకు తాళం వేసింది నిజమే. కానీ ఎందుకట? కోడలు కడుపుతో ఉంది, బాలింతగా ఉన్నప్పుడు నెయ్యి కావాలి, ముందే కొడుకు తినేస్తాడని. ఆ సంగతి కోడలికి తెలిసిన రోజు ఇద్దరూ తాళం కప్పను మధ్యలో పెట్టుకుని ఏడుస్తారు. తర్వాత అత్తాకోడళ్లు కలిసి ములుగు బస్సెక్కుతారు, అత్త పుట్టింటికి. బస్సులో టికెట్ పోగొట్టుకుని అత్త కండక్టరుతోనే లడాయి పెట్టుకుంటుంది. పడేవాళ్లు, విరిగేవాళ్లు ఎవరూ లేరు.

మొగిలమ్మ పుట్టిల్లు ములుగు. అక్కడికి పోక ఆరేళ్లైంది.

బడేబీ సూది ఆపి ముక్కు చీదుకుంది. మొగిలమ్మ విసనకర్ర ఆపింది. ఆ తర్వాత, "బస్సుల కిటికీ పక్క సీటు దొరికిందా?" అని అడిగింది.

"దొరికింది అత్తా."

"మంచిది," అని కళ్లు మూసుకుంది.

అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు బడేబీ నాయకత్వాన పదహారుమంది ఆడవాళ్లు ఉదయం ఆటకు తరలివెళ్లారు. ఇంటర్వెల్ దాకా నెయ్యి కుండ రహస్యం కోసం ఓపిక పట్టారు. ఇంటర్వెల్ తర్వాత బస్సు కోసం చూశారు. అత్త పడిపోయింది, శుభం అని అక్షరాలు పడ్డాయి, బస్సు రాలేదు. పదహారుమందీ నేరుగా మేనేజరు కిషన్ రావు గదిలోకి నడిచారు.

"మేనేజర్ సాబ్, బస్సు ఏది?" అంది బడేబీ.

"బస్టాండ్ల ఉంటదమ్మా," అన్నాడాయన, టికెట్ల కట్ట నుంచి తల ఎత్తకుండా.

"సినిమాల బస్సు. అత్తాకోడండ్లు ములుగు పోయేది. నెయ్యి కుండ సీను గూడ కోసిన్రు. మా చిలుక నిన్న ఇదే సినిమా, ఇదే హాల్ల, మొత్తం చూసింది. ఒక్క దినంల ఎట్ల మాయమైంది?"

కిషన్ రావు కంగారుపడ్డాడు. ఆట ఆలస్యమైతే ఆపరేటర్లు ఒక పాటో, రెండు సీన్లో కోసెయ్యడం ఆ రోజుల్లో అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. కాకపోతే తన హాల్లో అలా జరగనివ్వలేదని ఆయన నమ్మకం. ఆపరేటరును పిలిపించాడు. అతను పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. రీళ్లు లెక్కపెట్టారు, అన్నీ ఉన్నాయి. ఆడవాళ్లు మాత్రం ఒప్పుకోలేదు.

గల్లీలో రాజేశ్వర్ రావు అనే పెద్దమనిషి ఉన్నాడు. తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాక అర్జీలు రాయనిదే ఆయనకు అన్నం సహించదు. ఆదివారం పొద్దున్నే కూచుని కలెక్టరు గారికి అర్జీ రాశాడు. "నెయ్యి కుండ దృశ్యము తొలగించుటచే అత్త పాత్రకు ఔచిత్యము లోపించినది. ఆమె తాళము ఏల వేసెనో ప్రేక్షకులకు బోధపడుట లేదు. కాలు విరుగు దృశ్యము వేరొక చిత్రము నుండి తెచ్చి అతికించినట్లు స్పష్టముగా తెలియుచున్నది." కింద నలభై ఒక్క సంతకాలు, వేలిముద్రలు. రాజేశ్వర్ రావు ఆ సినిమా చూడలేదు. చూస్తే పక్షపాతం వస్తుందని ఆయన భయం.

అర్జీ నకలు అందుకున్న కిషన్ రావు అదే రోజు సినిమాను మళ్లీ రెండుసార్లు చూశాడు. రెండోసారి చూస్తుండగా, అత్త తాళం ఎందుకు వేసినట్టు అన్న అనుమానం ఆయనకూ పట్టుకుంది.

ఇవన్నీ వింటుంటే చిలుకమ్మకు ముద్ద దిగడం లేదు. నలుగురిలో అబద్ధాలకోరు అనిపించుకోవడానికి ఆమె సిద్ధమే. ఆమె భయం వేరు. అసలు కథ బయటపడితే, కోడలు తనమీద జాలిపడి కథ మార్చిందని అత్తకు తెలిసిపోతుంది. ఆ మనిషి జాలిని ఓర్చుకోదు. మళ్లీ గోడవైపు తిరుగుతుంది, అన్నం మానేస్తుంది. వర్ధన్నపేటలోని తల్లిగారింటికి పారిపోదామనుకుంది. కానీ ఈమెను లేపి కూచోబెట్టేదెవరు? చివరికి బడేబీని పక్కకు పిలిచింది.

"అక్కా, నేను హాల్ల నిద్రపోయి కల కన్ననేమో."

"కలల నెయ్యి కుండ అంత మంచిగుండదు చెల్లె. నువ్వు ఫికర్ చెయ్యకు, గెలుస్తానం," అంది బడేబీ.

సోమవారం తొమ్మిదిన్నరకు కిషన్ రావు స్వయంగా వచ్చాడు. చేతిలో కాగితం, పెన్ను. వెంట రాజేశ్వర్ రావు, బడేబీ, సగం గల్లీ. ఉన్నది ఒకటే గది. మొగిలమ్మ మంచం గడప పక్కనే ఉంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"అమ్మా, మీరు చూసిన్రట గద. బస్సు సీను ఇంటర్వెల్ ముంగటనా, తర్వాతనా?" అని మర్యాదగానే అడిగాడు కిషన్ రావు.

చిలుకమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడింది.

"పోనీ నేను చెప్త వినున్రి. మా ప్రింటుల, ఇంటర్వెల్ అయినంక అత్త సబ్బు నీళ్లల్ల..."

"సార్, మీ కాళ్లు మొక్కుత. గది చెప్పకున్రి," అంది చిలుకమ్మ.

"జారి పడ్తది," అంది మంచం మీద నుంచి మొగిలమ్మ. "పడి కాలు ఇరగ్గొట్టుకుంటది. కోడలు తాళంచెవులు గుంజుకుంటది. నేను చూసిన సారూ. ఇరవై ఏండ్ల కింద, వచ్చిన మొదటి వారమే చూసిన. గప్పుడు నా కాళ్లు మంచిగుండె, పడి పడి నవ్విన."

బడేబీ చేతిలోని అర్జీ నకలు నెమ్మదిగా కొంగు కిందికి పోయింది.

"చూస్తే మరి గా పొద్దు మొత్తం ఎందుకు విన్నవత్తా?" అంది చిలుకమ్మ, వినీ వినపడకుండా.

"నా కాలు ఇరగకుండ కాపాడుకుంట కథ చెప్తానవు. వినకపోతే ఎట్ల?"

చిలుకమ్మ మంచం పట్టె మీద కూలబడి ఏడ్చేసింది. మొగిలమ్మకు ఓదార్చడం అలవాటు లేదు. విసనకర్ర తీసుకుని కోడలికి విసరసాగింది.

"అత్తా, కోపం రాలేదా?"

"వచ్చింది. మూడొద్దులాయె, మళ్ల ఒక్కపారి చెప్పలేదని."

కిషన్ రావు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. లేచిపోతాడనుకున్నారు. ఆయన గొంతు సవరించుకుని, "మరి ములుగుల బస్సు దిగినంక ఏమైతది?" అని అడిగాడు. ఔచిత్యం సంగతి తేల్చుకోవాలన్నట్టు రాజేశ్వర్ రావు కూడా పీట లాక్కున్నాడు.

చిలుకమ్మ కళ్లు తుడుచుకుని అత్తవైపు చూసింది.

"చెప్పు బిడ్డా," అంది మొగిలమ్మ. కోడలిని ఆమె అలా పిలవడం అదే మొదలు. "కాకపోతే ఆ అత్తను గంత మంచిదాన్ని చెయ్యకు. అసొంటిది యాడ ఉండదు, ఎవ్వరు నమ్మరు. జారనియ్యి, పడనియ్యి, కాలు గూడ ఇరగనియ్యి. సినిమా తీసినోనికి తెల్వనిది అటెన్క ముచ్చటే. ఆమె మంచంల పడ్డంక కోడలు ఏం చేసిందో గది చెప్పు."

చిలుకమ్మ మంచం పట్టె మీద సర్దుకుని కూచుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఈ కథలో ఆమె కల్పించాల్సింది పెద్దగా ఏమీ లేకపోయింది. మొగిలమ్మ మధ్య మధ్య ఆపి తప్పులు దిద్దింది, రెండుచోట్ల తన గయ్యాళితనం సరిపోలేదని పెంచింది. చివరికి కాలు అతుక్కున్నాక ఇద్దరూ ఎక్కిన ములుగు బస్సులో, కండక్టరు లడాయి దగ్గర అందరికంటే గట్టిగా నవ్వింది మేనేజరే.

ఆ రోజు ఉదయం ఆట ముప్పావుగంట ఆలస్యంగా మొదలైంది. కారణం అడిగిన ప్రేక్షకులకు కరెంటు పోయిందని చెప్పారు.