ముడతలు లేని ద్రాక్ష

షేక్‌పేటలో పోచయ్య పెరటి ద్రాక్ష తీగను సినిమావాళ్లు చంపారు. ఇందులో విచారణ చేయవలసింది ఏమీ లేదు.

ఆ తీగ నాటింది అతని భార్య మల్లమ్మ. మందు చల్లనిచ్చేది కాదు. కోసిన గుత్తులను మంచం మీద పాత చీర పరిచి, ముడతలు పడేదాకా ఆరబెట్టేది. ఆమె పోయాక ఆ పని పోచయ్య మీద పడింది.

ఫిల్మ్‌నగర్ నిర్మాత క్రాంతికుమార్ ఒకనాడు ఆ పళ్లు నాలుగు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ముడతపడ్డ ద్రాక్షతోనే తీపి వైన్ చేసే పాత పద్ధతి ఒకటి ఉందట.

"సీసా మీద మీ ఆవిడ పేరు, ఫోటో వేద్దామండీ" అన్నాడు.

పోచయ్య సరేనన్నాడు. ఉన్న ఒక్క ఫోటో ఇచ్చాడు. "తీగ మాత్రం పైలం" అన్నాడు.

"మా ప్రాణంలా చూసుకుంటామండీ."

వైన్ ప్రకటన షూటింగ్‌కు కొబ్బరికాయ కొట్టి, క్లాప్ ఇచ్చి, మొదటి గుత్తి కోశారు. ఆరబెట్టిన పళ్లకు ముడతలు రాగానే యూనిట్‌లో కలవరం రేగింది. జూబ్లీహిల్స్‌లో ముడత అంటే డాక్టరుకు చూపించుకోవలసిన జబ్బు. మేకప్‌మన్ వచ్చి ఒక్కో పండుకూ గ్లిజరిన్ రాశాడు. లాభం లేకపోయింది. వాటిని పారబోసి, మార్కెట్ నుంచి నున్నటి పళ్లు తెప్పించి తొక్కించారు. ఆ రసం పులిసి, పుల్లగానే మిగిలింది. చక్కెర పాకం పోసి సంప్రదాయాన్ని కాపాడారు.

పురుగుమందు ఎరుగని ఆకులకు చిల్లులున్నాయి. కెమెరాలో తీగ ఆర్గానిక్‌గా కనిపించడం లేదని ఆర్ట్ డైరెక్టర్ తేల్చాడు. పోచయ్యను గౌరవార్థం ఏసీ వ్యానులో కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించారు. అతను దిగేసరికి తీగను మొదలంటా నరికేశారు, పందిరి నిండా ప్లాస్టిక్ ఆకులు.

"నా తీగేదయ్యా?"

"ఇదేనండీ. బాగుచేశాం."

మల్లమ్మ మొహంలోనూ ముడతలే ఉన్నాయి కనుక, సీసా మీదికి వర్ణిక అనే కొత్త నటి ఎక్కింది. అసలు ఫోటో ఆఫీసులో ఎక్కడో భద్రంగా పోయింది.

సీసా ఆవిష్కరణ సభలో క్రాంతికుమార్ మైకు అందుకున్నాడు. "మట్టికి అబద్ధం తెలియదు. మల్లమ్మగారికీ తెలియదు" అంటూ వర్ణికకు శాలువా కప్పాడు. జనం ఆమె కాళ్లకు మొక్కారు.

పోచయ్య లేచాడు. "గీమె మల్లమ్మ కాదు. గదో, మా పక్కింటి బుచ్చమ్మ ఉన్నది, అడుగుండ్రి."

మల్లమ్మతో ముప్పై ఏళ్లు గోడకు గోడగా బతికిన బుచ్చమ్మ, అప్పటికే వర్ణిక భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగుతోంది.

"జర ఊకో పోచన్నా" అంది. "మల్లక్క అచ్చం గిట్లనే ఉంటుండె."

మల్లమ్మ సంవత్సరీకం నాడు వాడకట్టంతా కలిసి ఫ్రేము కట్టించిన ఫోటో తెచ్చింది. వర్ణిక నవ్వుతోంది. దండ కూడా వేసే ఉంది, ప్లాస్టిక్‌దే.

పోచయ్య తలుపేసుకున్నాడు.